పచ్చతలుపు, నీలంతలుపు

పెర్సిస్‌కు ఆ సీరియల్‌లో ఎవరు ఎవరో మొదటి రోజు నుంచీ తెలియలేదు. తెలిసే వీలు కూడా లేదు లెండి. మగవాళ్ళందరికీ ఒకే రకం తెల్ల అంగీలు, ఒకే రకం గడ్డాలు, నడుముకు ఒకే రకం బాకులు. ఆడవాళ్ళ సంగతి మరీ అన్యాయం. నుదురూ ముక్కూ కప్పేసే బతూలా అనే తొడుగొకటి, దాని వెనక రెండు కళ్ళు. ఆ కళ్ళు తడిస్తే ఏడుస్తున్నారని తెలుస్తుంది గాని, ఏడ్చేది అత్తో కోడలో, ఎవరింటి అత్తో, ఎవరింటి కోడలో ఆ దేవుడికే ఎరుక. పోనీ అరబ్బీ వచ్చా అంటే, ఆవిడకు వచ్చిన అరబ్బీ తిను, తాగు, నొప్పా, మందు, పడుకో, లే దగ్గర ఆగిపోయింది. ఆ ఆరు మాటలు పట్టుకుని ముత్యాల పడవల కాలం నాటి పగలూ ప్రతీకారాలూ అర్థం చేసుకోవాలంటే అయ్యే పనేనా.

అందుకని తనకు తోచిన ఉపాయం ఒకటి పెట్టుకుంది. మనుషుల్ని వదిలేసి తలుపుల్ని పట్టుకుంది. సీరియల్‌లో రెండే ఇళ్ళు. ఒక ఇంటి వీధితలుపు పచ్చ, రెండో ఇంటిది నీలం. పచ్చతలుపులోంచి బయటికొచ్చినవాడు పచ్చతలుపు వాడు, నీలంతలుపులోకి దూరినవాడు నీలంతలుపు వాడు. మొదటి పది రోజులూ ఈ లెక్క బాగానే నడిచింది. ఒక పడవ కోసం రెండిళ్ళ వాళ్ళూ తలలు పగలగొట్టుకున్నారు, ఒకడు సముద్రంలో పోయాడు, ఇంకొకడి చెయ్యి విరిగింది. పదకొండో రోజున, పగ చల్లార్చడానికని, పచ్చతలుపు వాళ్ళ పిల్లను నీలంతలుపు వాళ్ళ ఇంటికి కోడలిగా పంపారు. అక్కడి నుంచి పెర్సిస్ లెక్క తలకిందులైంది.

ఈ సీరియల్ ఆవిడ సరదాకు చూసేది కాదు. డ్యూటీలో భాగం. ఖతార్‌లో, దోహా పక్కనున్న అల్ వుకైర్‌లో జాసిమ్ అనే ఆయన విల్లాలో ఆయన తల్లి హెస్సాకు ఇంటి నర్సుగా కుదిరి ఐదు నెలలైంది. ఇంట్లో పనివాళ్ళంతా ఆ ముసలావిడను మామా అంటారు, జాసిమ్‌ను బాబా అంటారు. మామాకు ఎనభై రెండేళ్ళు. తుంటి ఎముక విరిగి మంచం పట్టింది, మతి కూడా ఒక పూట ఉంటే ఒక పూట ఉండదు. రంజాన్ నెల మొదలైన దగ్గర్నుంచి, రాత్రి వేసిన భాగాన్నే మర్నాడు మధ్యాహ్నం నాలుగింటికి టీవీలో మళ్ళీ వేస్తే, మామాను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టడం, అది చూస్తూండగా నాలుగు చెంచాల జావ లోపలికి పంపడం పెర్సిస్ పని. వేరే వేళల్లో నోరు తెరవని మనిషి, ఆ ముప్పావు గంట మాత్రం చిన్నపిల్లలా తినేది.

సీరియల్‌లో ఆ పిల్ల నీలంతలుపు ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని "అఖూయ్, అఖూయ్" అని ఏడ్చేది. మంచం మీద మామా కూడా గేటు వైపు చూస్తూ "అఖూయ్" అనేది. అంటే నా అన్నో, నా తమ్ముడో. తోడబుట్టిన వాడన్నమాట. ఆమాత్రం పెర్సిస్ కనుక్కుంది. మీ అత్తగారికి తమ్ముడున్నాడా అని జాసిమ్ భార్యను అడిగితే, ఆవిడ నవ్వేసి, టీవీలో ఏదంటే మామా అదే అంటుంది, నువ్వు తయ్యిబ్ తయ్యిబ్, అంటే సరే సరే, అంటూ ఉండు చాలు అంది. సరే, పెద్దింటి కోడలే చెప్పాక మనకెందుకని పెర్సిస్ తయ్యిబ్ తయ్యిబ్ అంటూ వచ్చింది. కాని రోజూ సాయంత్రం ఆ ముసలి కళ్ళు గేటు వైపు తిరిగితే మాత్రం తనూ ఒకసారి అటు తొంగి చూసేది.

పధ్నాలుగో రోజున ఒక గొడవ జరిగింది. సీరియల్‌లో పచ్చతలుపులోంచి ఒక కుర్రవాడు బయల్దేరి, వీధులన్నీ దాటి, నీలంతలుపు కొట్టాడు. లోపలివాళ్ళు గడియ వేసేశారు. పెర్సిస్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్లకు పెళ్ళయింది గనక ఇక అది నీలంతలుపు పిల్లే కదా. దాని ఇంటి మీదికి పగవాడు వస్తే తలుపు వేసుకోక ఏం చేస్తారు? మంచి పని చేశారని చప్పట్లు కొట్టింది. మామా ఆ చప్పట్ల వైపు చూసి, మళ్ళీ చెంచా పట్టుకున్న చేతిని విసురుగా తోసేసింది. జావ దుప్పటి మీద ఒలికిపోయింది. తానేం తప్పు చేసిందో పెర్సిస్‌కు బొత్తిగా అర్థం కాలేదు.

ఇంటి డ్రైవరు రామాంజులును అడిగి చూసింది. అతనిది రాయచోటి పక్క పల్లె, ఆ ఇంట్లో పధ్నాలుగేళ్ళ నుంచి బండి నడుపుతున్నాడు, అరబ్బీ నీళ్ళలా మాట్లాడతాడు. కాని అతను సీరియల్ చూసేది రెండు ట్రిప్పుల మధ్య, గుమ్మంలో నిలబడి, ఐదేసి నిమిషాలు. అందుచేత అతను చెప్పిన కథలో చచ్చినవాడు మర్నాడు బతికొచ్చేవాడు, మామగారు బావమరిది అయ్యేవాడు. ఇద్దరూ కలిసి కథను ఇంకా చిక్కు వేసుకున్నారు.

ఇక్కడ పెర్సిస్ గురించి ఒక సంగతి చెప్పాలి. చెప్పకపోతే తరవాత జరిగింది ఆవిడ పొగరనుకుంటారు, అది పొగరు కాదు. దివిసీమలో పుట్టింది, విజయవాడలో పదకొండేళ్ళు నర్సుగా చేసింది. నర్సింగ్ సర్టిఫికెట్లలో జుజ్జవరపు పెర్సిస్ అని ఉంది. పెళ్ళయ్యాక తీసుకున్న పాస్‌పోర్టులో బొకినాల పెర్సిస్ అని ఉంది. ఈ ఇద్దరూ ఒక్క మనిషేనని ఖతార్ వాళ్ళకు నిరూపించడానికి ఎనిమిది నెలలు పట్టింది. పాస్టర్‌గారి పెళ్ళి సర్టిఫికెట్టు, నోటరీ కాగితం, మళ్ళీ దాని మీద ఇంకో ముద్ర. పేరు తేడా కనిపిస్తే చాలు, అప్పటి నుంచి ఆవిడకు ఒళ్ళు జలదరిస్తుంది.

అలాంటి మనిషి ఈ ఇంట్లో చేరిన మొదటి వారంలోనే మామా ఆసుపత్రి కార్డు చూసింది. హెస్సా రాషిద్ అల్ మర్సా అని ఉంది. కొడుకేమో జాసిమ్ అల్ షిరా. గేటు పక్క పలక మీద కూడా అల్ షిరా అనే ఉంది. తల్లికొక ఇంటిపేరూ కొడుక్కొక ఇంటిపేరూ ఎలా వస్తుంది? గుమాస్తా ఎవడో నిద్రకళ్ళతో కొట్టి ఉంటాడనుకుంది. ఆపద వేళ ఈ తేడా వల్ల ముసలావిడకు ఏ చిక్కు వస్తుందోనని, తను రాసే కేర్ ఫైలు మీద హెస్సా అల్ షిరా అని చక్కగా ప్రింటు తీసిన చీటీ అంటించింది. కార్డును సొరుగు అడుగున పెట్టేసింది. ఎవరూ అడగలేదు, ఆవిడా ఎవరికీ చెప్పలేదు. ఒక మంచి పని చేశానని మాత్రం అనుకుంది.

రంజాన్ చివరి పది రోజులకు జాసిమ్ కుటుంబంతో సహా మక్కా బయల్దేరాడు. వెళ్ళేముందు తల్లి గదిలోకి వచ్చి, ఇంగ్లీషులో నిదానంగా చెప్పాడు. మామా ఇంటిపేరు గలవాళ్ళు ఎవరు వచ్చినా, ఏ వేళప్పుడైనా, ఒక్క ప్రశ్న వేయకుండా గేటు తీయమన్నాడు. మిగతావాళ్ళు వస్తే ఈద్ తరవాత రమ్మనమన్నాడు, మామా అలసిపోతుందట. అదే మాట ఫైలులో కూడా రాశాడు. రాసి, ఇంకేదో చెప్పబోయి ఆగి, తల్లి నుదుటి మీద ముద్దు పెట్టుకుని వెళ్ళిపోయాడు. పెద్దిళ్ళ గుట్లు పనివాళ్ళకు చెప్పరు కదా.

వాళ్ళు వెళ్ళిన రెండో రోజు మధ్యాహ్నం మూడున్నరకు గేటు గంట మోగింది. రామాంజులు చేపల కోసం అల్ వక్రా వెళ్ళాడు. వంటామె ఉపవాసపు నీరసంతో పడుకుంది. పెర్సిస్ గోడకున్న ఫోను ఎత్తి తెర మీద చూసింది. తెల్ల అంగీ, తెల్ల గడ్డం, చేతికర్ర, రెండో చేతిలో ఒక సంచీ. డెబ్బై అయిదు దాటిన ముసలాయన. ఒక్కడే వచ్చాడు.

ఎవరని అడిగితే నాసిర్ బిన్ రాషిద్, అంటే రాషిద్ కొడుకు నాసిర్, అన్నాడు. ఈ దేశంలో ప్రతి మూడోవాడి తండ్రీ రాషిదే, దాంతో ఏం తేలుతుంది? ఇంటిపేరు చెప్పమంది. ఆయన అల్ మర్సా అన్నాడు. ఎక్కడో విన్న పేరులాగే ఉంది. ఎక్కడ విన్నదీ గుర్తు రాలేదు. సీరియల్‌లో పచ్చతలుపు వాళ్ళ పేరు కాదు కదా అనిపించింది, నిజంగానే అనిపించింది, నవ్వకండి. చేతిలో ఉన్న ఫైలు చూసుకుంది. హెస్సా అల్ షిరా. తన చేత్తో అంటించిన చీటీయే. కింద జాసిమ్ రాసిన మాట. తేడా స్పష్టంగా ఉంది.

"బాబా మాఫీ," అంది పెర్సిస్, ఇంట్లో వినీ వినీ పట్టిన అరబ్బీ ముక్కల్లో ఎంత మర్యాద పడుతుందో అంతా పెట్టి. "బాద్ ఈద్ తాల్." బాబా లేరు, ఈద్ అయ్యాక రండి అని.

ముసలాయన వెంటనే వెళ్ళలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి, గేటు వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఒకసారి గట్టిగా దగ్గి, హెస్సా ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉందని పెర్సిస్ చెప్పింది. ఆయన సంచీని గేటు పక్కన గోడ మీద పెట్టి, కారెక్కి వెళ్ళిపోయాడు. పాపం ముసలాయన ఎండలో వచ్చాడే అని ఆవిడకు బాధ వేసింది గాని, ఆజ్ఞ ఆజ్ఞే.

సంచీలో కనార్ పళ్ళున్నాయి. కనార్ అంటే మన రేగుపళ్ళే, కాస్త పెద్దవి. కడిగి గిన్నెలో పోసి మామా దగ్గరికి తీసుకెళ్ళింది. మామా అప్పటికే కూర్చుని ఉంది. దిండ్లు లేకుండా, తనంతట తను. పళ్ళు చూసి ఎవరు తెచ్చారని అడిగింది. ఎవరో అల్ మర్సా అట, అంది పెర్సిస్. మామా మంచం దిగబోయింది. విరిగిన తుంటితో, రెండు చేతులూ గాలిలోకి చాచి, "వైన్? వైన్?" అని అరిచింది. ఎక్కడ, ఎక్కడ అని. పగవాళ్ళొచ్చారని బెదిరిపోయిందనుకుంది పెర్సిస్. గట్టిగా పొదివి పట్టుకుని, భయపడకు మామా, తలుపు వేసేశాను, రానివ్వలేదు, అని తన మాటల్లోనూ చేతుల్లోనూ చెప్పింది. గేటు వేసినట్టు రెండు అరచేతులూ దగ్గరికి చేర్చి మరీ చూపించింది.

మామా ఆ అరచేతుల వైపు చూసింది. తరవాత వెనక్కి వాలిపోయి, మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆ సాయంత్రం నాలుగింటికి టీవీ పెడితే కళ్ళు తెరవలేదు. జావ చెంచా పెదవులకు తగిలిస్తే పెదవులు బిగించింది.

మర్నాడూ అంతే. మంచినీళ్ళు మాత్రం రెండు గుక్కలు, అదీ దూదితో తడిపితే. మందు లోపలికి పోలేదు. పెర్సిస్ బతిమాలింది, కీర్తన పాడింది, కోప్పడింది, మోకాళ్ళ మీద ప్రార్థన చేసింది. డాక్టరుకు ఫోను చేస్తే, రేపటికి కూడా నోటితో తీసుకోకపోతే ఆసుపత్రికి తెచ్చి ముక్కులోంచి గొట్టం వేయాల్సిందే, ఈ వయసులో ఈ స్థితిలో అక్కడికి వచ్చినవాళ్ళు ఇంటికి తిరిగి వెళ్ళడం కష్టమే అన్నాడు. ఐదు నెలలు చంటిబిడ్డలా చూసుకున్న మనిషి చేతుల్లోంచి జారిపోతోంది, ఎందుకు జారిపోతోందో తెలియడం లేదు. పెర్సిస్ బాత్రూంలోకి వెళ్ళి నీళ్ళు వదిలి ఏడ్చింది.

మూడో రోజు నాలుగింటికి ఊరికే టీవీ పెట్టింది, ఆ చప్పుడుకైనా కదులుతుందేమోనని. ఒంటరిగా ఉండలేక, ఇవాళ మొత్తం చూసి చెప్పు తండ్రీ అని రామాంజులును గుమ్మంలోంచి లోపలికి లాగి కూర్చోబెట్టింది. ఆ పిల్ల తలుచుకుంటున్నట్టు పాతరోజుల్ని మళ్ళీ చూపిస్తున్నారు. అదే కుర్రవాడు, అదే నీలంతలుపు, అదే గడియ. ఇంతకీ ఈ పగవాడు ఆ పిల్ల ఇంటికి ఎందుకొచ్చాడని అడిగింది పెర్సిస్.

"పగోడేందక్కా," అన్నాడు రామాంజులు. "ఆయప్ప ఆ పిల్ల తమ్ముడు గదా. అక్కను సూసి పోదామని వచ్చినాడు. ఈళ్ళు తలుపేసినారు."

"అది నీలంతలుపు పిల్ల కదా?"

"మొగుడిది నీలంతలుపు. ఆ పిల్లది పచ్చతలుపే. పెండ్లయితే మాత్రం? ఈ దేశంలో ఆడపిల్ల సచ్చేదాకా నాయన ఇంటిపేరే అక్కా. మన మాదిరి మార్చుకోరు. మన మామా లేదూ, ఆయమ్మ అల్ షిరా ఇంట్లో అరవై ఏండ్లుండాది. అయినా అల్ మర్సానే."

పెర్సిస్ లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆవిడకే తెలియదు. సొరుగు లాగి, అడుగునున్న ఆసుపత్రి కార్డు తీసింది. హెస్సా రాషిద్ అల్ మర్సా. గుమాస్తా నిద్రపోలేదు. నాసిర్ బిన్ రాషిద్ అల్ మర్సా. ఒకే తండ్రి, ఒకే ఇల్లు. మామా ఇంటిపేరు గలవాళ్ళు ఎవరు వచ్చినా గేటు తీయమన్నాడు జాసిమ్. ఈయన వస్తాడని ఆశపడే అలా అని ఉంటాడు. వచ్చినవాణ్ణి వచ్చిన గేటు నుంచే పంపించేసింది తను. పైగా అరచేతులు కలిపి చూపించింది.

"ప్రభువా," అంది.

రామాంజులుకు సంగతంతా చెప్పాక అతను నెత్తి పట్టుకున్నాడు. అప్పుడు గాని అసలు కథ బయటికి రాలేదు. మామా కూతురిని నాసిర్ తన కొడుక్కి అడిగాడట. మేనరికం. మామా సరేనంది, మామా భర్త కాదని వేరే చోట ఇచ్చాడు. ఇదేమిటని అడగడానికి వచ్చిన నాసిర్ మొహం మీదే గేటు వేశారట. ముప్పై ఒక్కేళ్ళయింది. ఆయన మళ్ళీ ఈ గడప తొక్కలేదు, మామా భర్త పోయినప్పుడు కూడా రాలేదు. రంజాన్‌కు ముందు జాసిమ్ ఆయన దగ్గరికి వెళ్దామని ఆ వీధి చివరదాకా బండి పోనిచ్చి, దిగడానికి మొహం చెల్లక వెనక్కి తిప్పించాడట. తరవాత ఎవరో పెద్దమనిషితో కబురు పెట్టినట్టున్నాడు.

ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని పెర్సిస్ నిలదీసింది. నువ్వడిగితే కదా, నువ్వెప్పుడూ సీరియల్ సంగతే అడిగితివి అన్నాడతను. అదీ నిజమే. ఇక గమ్మున ఉండమని, బాబా వచ్చాక ఆయనే చూసుకుంటాడని, చెబితే ఉద్యోగం ఊడుతుందని సలహా కూడా ఇచ్చాడు. బాబా వచ్చేదాకా ఈవిడ ఉండాలి కదా అంది పెర్సిస్. గోడ వైపు తిరిగి ఉన్న ఆ చిన్న వీపును చూపించి, వంటామెను లేపి మంచం పక్కన కూర్చోబెట్టి, ఫైలు చంకన పెట్టుకుని కారెక్కింది.

నాసిర్ ఇల్లు అల్ వక్రాలో సముద్రానికి దగ్గర. వీధితలుపు రంగు ఏమిటా అని పెర్సిస్ చూసింది, బుద్ధి ఊరుకోదు కదా. ఏ రంగూ లేదు, మామూలు చెక్క. పెరట్లో పెద్ద కనార్ చెట్టు ఉంది. దాని కింద కుర్చీలో కూర్చున్న ముసలాయన రామాంజులు చెప్పిందంతా విన్నాడు. చివరికి, మొదటిసారి గేటు వేసింది హెస్సా మొగుడు, వాడు చచ్చాడు, మరి ఈసారి వేసింది ఎవరని అడిగాడు. జాసిమ్ పిలిపించి అవమానం చేశాడనే ఆయన నమ్ముతున్నాడు.

"నేనే," అంది పెర్సిస్. ఈ మాటకు రామాంజులు అనువాదం అక్కర్లేకుండా గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

ఫైలు ఆయన ముందు పెట్టి, తను అంటించిన చీటీని గోటితో గీకి లాగింది. సగమే ఊడి, సగం అతుక్కుపోయింది. మా దేశంలో పెళ్ళయితే ఇంటిపేరు మారిపోతుంది, నాదీ మారింది, మీకూ అంతేననుకున్నాను, మీ అక్కగారు మీ కోసం మంచం దిగబోయింది, మూడు రోజుల నుంచి మెతుకు ముట్టలేదు అని చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. రామాంజులు తలొంచుకుని ఒక్కో మాటా అరబ్బీలో పెట్టాడు.

ముసలాయన ఆ ఊడని చీటీని వేలితో తడిమాడు. ఆయన అడిగిన ప్రశ్నను రామాంజులు తెలుగులో పెట్టాడు.

"పేరు మార్చేసుకుంటే, నీ తమ్ముడు వచ్చి నిన్ను ఎవరని అడగాల, అంటుండాడక్కా."

అవనిగడ్డలో పెర్సిస్ తమ్ముడు డేనియల్ ఉన్నాడు. క్రిస్మస్‌కు ఫోనులో మాట్లాడింది, ఆ తరవాత లేదు. వాడెప్పుడైనా దోహా వచ్చి జాసిమ్ గేటు దగ్గర నిలబడి జుజ్జవరపు పెర్సిస్ కావాలంటే, ఇక్కడ అలాంటివాళ్ళు ఎవరూ లేరనే చెబుతారు. ఆవిడ పాత పేరేమిటని ముసలాయన అడిగాడు. చెప్పింది. పన్నెండేళ్ళ తరవాత ఆ పేరు పూర్తిగా పైకి అనడం అదే. ఆయన దాన్ని పలకబోయి, మొదటి అక్షరం దగ్గరే నాలుక మడతపడి, మళ్ళీ ప్రయత్నించి, ఓడిపోయి నవ్వాడు. నవ్వుతూనే కర్ర అందుకుని లేచాడు. లేచి, చెట్టు కింద రాలిన పళ్ళలో మంచివి ఏరమని రామాంజులుకు చెప్పాడు.

మామా గదిలోకి ఆయన అడుగుపెట్టినప్పుడు సాయంత్రపు ఎండ ఇంకా ఉంది. పెర్సిస్ మామాను మెల్లగా ఇటు తిప్పింది. ఇక అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారని, తన పాపం కడుక్కుపోతుందని ఎదురుచూసింది. మామా ఆయన్ను పైనుంచి కిందికి చూసి, ఎవరు నువ్వు అని అడిగింది.

నాసిర్‌ని అన్నాడాయన. మామా తల అడ్డంగా ఊపింది. ఆవిడ అన్న మాటల్ని రామాంజులు గొంతు తగ్గించి పెర్సిస్ చెవిలో వేశాడు. నాసిర్ మొన్న వచ్చాడు. దగ్గు విన్నాను. దగ్గు వినగానే తెలిసింది. వీళ్ళు తలుపు తీయలేదు. వెళ్ళిపోయాడు, ఇక రాడు. "వీళ్ళు" అన్నప్పుడు మామా చూపుడువేలు పెర్సిస్ వైపే ఉంది. తప్పు ఒప్పుకున్నాక శిక్ష తగ్గుతుందంటారు. ఆవిడకు ఆ క్షణంలో ఏమీ తగ్గినట్టు అనిపించలేదు.

ముసలాయన పెర్సిస్ వైపు చూడలేదు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నాసిరే నన్ను పంపించాడు," అన్నాడు. "కోపం లేదని చెప్పమన్నాడు. ఇవి ఇవ్వమన్నాడు."

ఒక కనార్ పండు తీసి, గింజ తీసేసి, వేళ్ళతో మెత్తగా చిదిమి పెదవుల దగ్గర పెట్టాడు. మామా చాలాసేపు ఆ చేతినే చూసింది. తరవాత నోరు తెరిచింది. ఒకటి, రెండు, మూడు. పెర్సిస్ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ గోడకు ఆనుకుని నిలబడింది. నాలుగో పండు తరవాత జావ కూడా రెండు చెంచాలు వెళ్ళింది.

ఆ సాయంత్రమే పెర్సిస్ జాసిమ్‌కు ఫోను చేసి జరిగిందంతా దాచకుండా చెప్పింది. మామయ్య గదిలో ఉన్నాడా అని మాత్రం అడిగాడు. ఉన్నాడంది. సరే, వచ్చాక మాట్లాడదాం అన్నాడు. ఆ మాటకు అర్థం ఉద్యోగం ఉన్నట్టా, ఊడినట్టా, తెలియలేదు. ఫైలులో రోజువారీ సంతకం చేస్తూ చూసుకుంటే, చెయ్యి దానంతటదే జుజ్జవరపు పెర్సిస్ అని రాసేసింది. కొట్టేయబోయి, వదిలేసింది.

ఆ మర్నాటి నుంచి నాసిర్ రోజూ నాలుగింటికి ముందే వచ్చేవాడు. గంట మోగకముందే పెర్సిస్ గేటు తీసి ఉంచేది. మామా రోజూ ఎవరు నువ్వు అనేది, ఆయన రోజూ నాసిర్ పంపాడనేవాడు. ఒక రోజు నాసిర్‌కు చలిజ్వరాలు ఎక్కువ, చెవులు కప్పుకోమని చెప్పు అని మామా ఆయనకే అప్పగింతలు పెట్టింది. అలాగే చెబుతానని ఆయన తలగుడ్డ సర్దుకుని చెవులు కప్పుకున్నాడు.

నెల చివరి రోజున సీరియల్ ఆఖరి భాగం వచ్చింది. పిల్ల ముసలిదైపోయింది, ముఖానికి బతూలా అలాగే ఉంది. నీలంతలుపు రంగు వెలిసిపోయి పచ్చో నీలమో తెలియకుండా ఉంది. పెర్సిస్ ఇక రంగులు చూడలేదు, అవతల ఎవరున్నారో మాత్రం చూసింది. తెల్లగడ్డం ఆయన ఒకడు కర్ర ఆనించి నిలబడ్డాడు. ఆ ముసలి పిల్ల తనే వచ్చి గడియ తీసింది.

మంచం మీద మామా చెయ్యి కదిలింది. పక్క కుర్చీలో ఉన్న చేతిని వెతుక్కుని పట్టుకుంది. కళ్ళు మాత్రం టీవీ మీదే ఉన్నాయి.

"జా అఖూయ్," అంది. నా తమ్ముడు వచ్చాడు.

"ఏ, జా," అన్నాడు నాసిర్. అవును, వచ్చాడు.

ఈ మాటలకు పెర్సిస్‌కు రామాంజులు అవసరం లేకపోయింది. కాని మామా అన్నది టీవీలో వాడి గురించో, చెయ్యి పట్టుకున్నవాడి గురించో ఎంత చూసినా తెలియలేదు. గుమ్మంలో నిలబడ్డ రామాంజులు ఏదో చెప్పబోతే వద్దని సైగ చేసింది. గిన్నెలో మిగిలిన కనార్ పళ్ళను ముసలాయన చేతికి అందేలా జరిపి, జావ కలపడానికి వెళ్ళింది.